మా ఊళ్లో టిక్కీ అంటే బస్తా

గుంటూరు మిర్చి యార్డు చుట్టూ బతికేవాళ్లకి రెండు మాటలు అందరికీ తెలిసిన అర్థంతో తలకెక్కవు. ఒకటి ఏసీ, రెండోది టిక్కీ. ఏసీ అంటే మాకు కోల్డ్ స్టోరేజీ. "సరుకు అమ్మేశావా, ఏసీలో పెట్టావా?" అని రైతుని అడుగుతాం. టిక్కీ అంటే మిరపకాయల బస్తా, 40 కేజీల పైచిలుకు. సీజన్లో పొద్దున్నే ఇద్దరు కలిస్తే "టీ తాగావా" కంటే ముందు "ఇవాళ ఎన్ని టిక్కీలు దిగినయ్" అనే పలకరింపు. పాతికేళ్లుగా నేనొక ఏసీలో లెక్కలు రాస్తున్నాను. అందుకే మా పెద్దమ్మాయి "నాన్నా, నాకు ఆలూ టిక్కీ కావాలి" అన్నప్పుడు, బంగాళాదుంపలకి కూడా బాండు, అంటే ఏసీలో పెట్టిన సరుక్కి మేమిచ్చే రసీదు, రాయాల్సిన రోజులు వచ్చాయా అనుకున్నాను. అది అడిగింది బంగాళాదుంప బిళ్ల వేయించి బన్నులో పెట్టే బర్గర్ని.

అది పదో తరగతి పాసైన ఏడాది. అప్పటికి మా ఇంట్లో బర్గర్ అనే పదార్థం టీవీలో తప్ప కనబడలేదు. ఒక శనివారం నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, మా అమ్మ నాన్‌స్టాప్ బస్సెక్కి విజయవాడ వెళ్లాం. అమ్మకి చెప్పిన కారణం దుర్గమ్మ దర్శనం. పిల్లలకి చెప్పిన కారణం మెక్‌డొనాల్డ్స్. రెండూ అబద్ధాలు కావు. కొండ దిగి ఆటో మాట్లాడుకుని బందరు రోడ్డు మీదికి వచ్చేసరికి ఒంటిగంట. మే నెల ఎండ. తలుపు తియ్యగానే ముఖం మీదికి వచ్చిన ఆ చల్లగాలికి మా అమ్మ మొదటి మాట: "మీ ఏసీ లాగా ఉందిరా, వాసన మటుకు లేదు."

మా అమ్మ ఏ హోటల్‌కి వెళ్లినా ముందు చెయ్యి కడుక్కునే కుళాయి చూసి మార్కులు వేస్తుంది. కుళాయికి పదికి ఎనిమిది వేసింది. తర్వాత కౌంటర్ దగ్గరికి వెళ్లి, టోపీ పెట్టుకున్న కుర్రాణ్ణి పట్టుకుంది.

"బాబూ, ఇవాళ శనివారం. ఇందులో గుడ్డేమన్నా కలుపుతారా?"

"లేదు మామ్మగారూ. మయొనైజ్ కూడా ఎగ్‌లెస్సే."

"ఏంటదీ?"

"తెల్లగా ఉంటుందే, అదండీ. దాంట్లో కూడా గుడ్డు ఉండదు. వెజ్ వండే చోటు వేరు, నాన్‌వెజ్ వండే చోటు వేరు. గిన్నెలూ నూనే అన్నీ వేరు."

ఆ కుర్రాడు రోజుకి ఎంతమంది మామ్మలకి ఈ జవాబు చెప్పాడో, ఒక్క అక్షరం తడబడలేదు. మా అమ్మ లోపలికి తొంగి చూసి, తన కళ్లతో తాను ఖాయం చేసుకుని, అప్పుడు "సరే, ఒకటి ఇవ్వు" అంది.

ఆ జవాబు వెనక ఎంత కథ ఉందో తర్వాత చదివి తెలుసుకున్నాను. లెక్కలు రాసేవాడిని కదా, ఎవరి వ్యాపారం కనబడినా పుస్తకం తిరగేసి చూసే రోగం ఉంది. మెక్‌డొనాల్డ్స్ మన దేశంలో మొదటి షాపు తెరిచింది 1996 అక్టోబరులో, ఢిల్లీ వసంత్ విహార్‌లో. ప్రపంచం మొత్తం మీద గొడ్డు మాంసం లేకుండా నడిచిన వాళ్ల మొదటి షాపు అదే. ఆవు మాంసం బర్గర్‌తో పేరు తెచ్చుకున్న కంపెనీ, ఆ బర్గర్‌ని గుమ్మం బయటే వదిలిపెట్టి లోపలికొచ్చింది. దాని బదులు మహారాజా మ్యాక్ అని పేరు పెట్టి మొదట్లో గొర్రె మాంసంతో ఒకటి చేశారు, తర్వాత అది కోడికి మారింది. పశ్చిమానా దక్షిణానా వాళ్లతో భాగస్వామ్యం కట్టిన అమిత్ జతియా స్వయంగా శాకాహార కుటుంబం నుంచి వచ్చినవాడు. మా అమ్మ అడిగిన ప్రశ్న అంతకుముందు వాళ్లింట్లోనే అడిగి ఉంటారు.

అంతకు ఏడాది ముందే, 1995లో, కేఎఫ్‌సీ బెంగళూరు బ్రిగేడ్ రోడ్డులో కోడి వేయించడం మొదలుపెట్టింది. వాళ్లకి ఎదురైన స్వాగతం వేరు. అజినమోటో ఎక్కువుందని కార్పొరేషన్ లైసెన్సు గొడవ, తర్వాత 1996 జనవరిలో కర్ణాటక రైతు సంఘం వాళ్లు షాపు మీద పడి అద్దాలు పగలగొట్టడం. ఆ వార్త మా యార్డులో టీ కొట్టు దగ్గర చదివింది నాకు గుర్తుంది. ఒక కమీషన్ వ్యాపారి, "కోళ్ల కోసం ఇంత గొడవేంటయ్యా, మన కాయకి మద్దతు ధర అడిగితే ఒక్కడూ రాడు" అన్నాడు. రైతుల భయం ఉట్టిది అని నేను అనను. బయటి కంపెనీ వచ్చి మనం తినేదీ మనం పండించేదీ తనే నిర్ణయిస్తుందేమో అన్న అనుమానం అప్పట్లో చాలామందికి ఉండేది. అది పూర్తిగా తప్పు కూడా కాలేదు. బంగాళాదుంప దగ్గరికి వచ్చినప్పుడు చెప్తాను.

ముందు మా అమ్మ తీర్పు. కాగితం విప్పి, బన్ను పైమూత ఎత్తి చూసి, మళ్లీ మూసి, ఒక కొరుకు కొరికింది.

"బన్నులో బొండా నొక్కి పెట్టారు. కారం ఏదిరా?"

అంతే. రుచి గురించి ఇంకొక మాట మాట్లాడలేదు. నిజానికి నా అభిప్రాయం కూడా అదే. బ్రాడీపేటలో సాయంత్రం బండి మీద వాము, చింతపండు కూరి వేయించే మిరపకాయ బజ్జీ, మధ్యకి చీల్చి ఉల్లిపాయ ముక్కలు చల్లి నిమ్మకాయ పిండి ఇచ్చేది, దాని ముందు ఈ టిక్కీ మూగదే. విజయవాడ పునుగులు, అల్లం చట్నీ సంగతి ఇక ఎత్తక్కర్లేదు. రుచితోనే పోటీ అయితే ఆ కంపెనీ మా వైపు ఒక్క సీజన్ కూడా నిలబడదు.

కానీ మేం అక్కడ గంటా ముప్పావు కూర్చున్నాం.

ఈ మాట మీద కాస్త ఆగుతాను. మన టిఫిన్ హోటల్లో ఆదివారం పొద్దున కూర్చుంటే, మన ఇడ్లీ సగంలో ఉండగానే మన కుర్చీ వెనక ఒకడు వచ్చి నిలబడతాడు. ఏమీ అనడు పాపం. కానీ వీపుకి తెలుస్తుంది. కాఫీ కప్పు కింద పెట్టేలోపు టేబుల్ గుడ్డ పెట్టి తుడిచేస్తారు. బండి దగ్గరైతే అసలు కుర్చీయే లేదు. మగవాళ్లం అయితే స్కూటర్ మీద పిర్ర ఆనించి తినేస్తాం. మా ఆవిడ పెళ్లయిన కొత్తలో బండి దగ్గర నిలబడి తినడానికి ఒప్పుకునేది కాదు, పొట్లం కట్టించుకుని ఇంటికి తెస్తే చల్లారిపోయేది. ఆ రోజు బందరు రోడ్డు మీద అద్దాల పక్కన కూర్చుని, చెప్పులు విప్పి కాలు మీద కాలు వేసుకుని, మా ఆవిడా మా అమ్మా నా మేనత్త కోడలి సంగతులు మొదలుపెట్టారు. పక్క టేబుల్ దగ్గర కాలేజీ అమ్మాయిలు నలుగురు రెండు కోకులు పెట్టుకుని పుస్తకాలు పరుచుకున్నారు. ఎవరూ వచ్చి "ఇంకేమన్నా కావాలా" అని అడగలేదు. "లేవండి" అని చూడలేదు. నాకైతే ఆ బర్గర్ డబ్బు టిక్కెట్టులాగా అనిపించింది, కుర్చీకి టిక్కెట్టు. 2004లో వాళ్లు ఆ ఆలూ టిక్కీ బర్గర్ని 20 రూపాయలకి అమ్మడం మొదలుపెట్టిన తర్వాతే కదా కాలేజీ పిల్లలు ధైర్యంగా లోపలికి అడుగు పెట్టింది. అప్పట్లో 20 రూపాయలకి ఏసీ గదిలో, అంటే మీ అర్థంలో ఏసీ గదిలో, గంట సేపు కూర్చోనిచ్చేవాడు మన వైపు ఇంకెవడున్నాడు?

ఇక మా బావమరిది కథ.

వాడు తెలివైనవాడు, కాకపోతే తొందర ఎక్కువ. చాలా విదేశీ బ్రాండ్లు మన వీధిలో వాడికీ వీడికీ ఫ్రాంచైజీ ఇచ్చెయ్యవు. పిజ్జా డొమినోస్ అయితే దేశం మొత్తానికి జూబిలెంట్ అనే ఒక్క కంపెనీ చేతిలో ఉంది. అందుకని వాడు పేరులో ఇంగ్లీషు ఎక్కువున్న ఒక దేశవాళీ బర్గర్ బ్రాండు పట్టుకుని, 18 లక్షలు పోసి, గుంటూరులోనే ఒక మంచి సెంటర్లో షాపు తెరిచాడు. పేరు చెప్పను, వాళ్లూ ఎక్కడో బతకాలి కదా. రంగులు, బోర్డు, టోపీలు అన్నీ అచ్చం అలాగే ఉన్నాయి. తెరిచిన నాలుగో రోజు నన్ను పిలిచి చూపించాడు. నేను ముందు వెనక గది అడిగాను.

"ఇదేంటి బావా, అందరూ సీటింగ్ చూస్తారు, నువ్వు ఫ్రీజర్ చూస్తావు."

"కరెంటు పోతే?"

"ఇన్వర్టర్ ఉందిగా."

ఇన్వర్టర్ ఉంది. దాని మీద లైట్లు, ఫ్యాన్లు, బిల్లింగ్ మిషను ఉన్నాయి. డీప్ ఫ్రీజర్ లేదు. ఉంటే అది లాగలేదు. మే నెలలో ఒక రాత్రి గాలివాన వచ్చి, మా లైన్లో తెల్లారేదాకా కరెంటు లేదు. పొద్దున వాడు ఫోన్ చేస్తే వెళ్లి చూశాను. ఫ్రీజర్ మూత ఎత్తితే ప్యాటీలు, అంటే బన్నులో పెట్టే బిళ్లలు, ఒకదానికొకటి అతుక్కుని, మధ్యలో ప్లాస్టిక్ కాగితాలు తడిసి, అడుగున ఇంత నీళ్లు. వేలితో నొక్కితే దిగబడుతోంది. కరెంటు వచ్చాక మళ్లీ గట్టిపడితే సరిపోతుంది కదా అన్నాడు వాడు. మిరపకాయలైతే ఒక్క రాత్రికి ఏమీ కాదురా, ఇది కోడి, పారబొయ్యి అన్నాను. పారబోశాడు, అది మాత్రం చెప్పుకోవాలి. కంపెనీ వాళ్లు నష్టంలో రూపాయి కూడా పంచుకోలేదు. ఎనిమిది నెలలకి షాపు మూతపడింది. ఆ ఎర్ర రంగు కుర్చీలు రెండు ఇప్పటికీ మా ఇంటి మేడ మీద ఉన్నాయి, వడియాలు ఎండబెట్టేటప్పుడు కాకుల కాపలాకి మా అమ్మ కూర్చుంటుంది.

వాడికి నేను ముందే చెప్పి ఉండాల్సింది, చెప్పడం రాలేదు. ఆ పెద్ద కంపెనీ అమ్మేది వంట కాదు, చలి. ఢిల్లీలో షాపు తెరవడానికి ఏళ్ల ముందు నుంచే వాళ్లు చేసిన పని ఇదే. ప్యాటీలు చేసేవాడిని, లెట్యూస్ ఆకు పండించే రైతుని, చల్ల లారీలు నడిపేవాడిని ఒక్కొక్కణ్ణి వెతికి తయారు చేసుకున్నారు. షాపు ఆఖరున తెరిచారు. మా వాడు షాపు ముందు తెరిచి, చలి తర్వాత వెతుక్కున్నాడు.

బంగాళాదుంప సంగతి చెప్తానన్నాను. ఇది నాకు నచ్చిన భాగం. మన కూర దుంపలో నీళ్లు ఎక్కువ. పొడుగ్గా కోసి వేయిస్తే వేలాడిపోతుంది. పైగా దుంపని మామూలు కోల్డ్ స్టోరేజీలో బాగా చల్లగా, మూడు నాలుగు డిగ్రీల్లో నెలల తరబడి పెడితే అందులో పిండి చక్కెరగా మారుతుంది. కూరలో తియ్యదనం తగులుతుంది, నూనెలో వేస్తే నల్లబడుతుంది. ఫ్రైస్‌కి పనికొచ్చే దుంపని ఎనిమిది పది డిగ్రీల్లో ఉంచి, మొలక రాకుండా మందు కొట్టాలి. ఇది చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది, నవ్వుకున్నా సరే. మేం కూడా మిరపని ఆరేడు డిగ్రీల్లో పెట్టేది రంగు దిగకుండా ఉండటానికే. చలి అనేది ఉట్టి చలి కాదు, ఒక్కో సరుక్కి ఒక్కో చలి.

ఫ్రైస్ మొదట్లో బయటి దేశాల నుంచి ఓడల్లో వచ్చేవి. తర్వాత మెక్‌కెయిన్ అనే కెనడా కంపెనీ గుజరాత్ రైతులకి కొత్త రకం విత్తనాలిచ్చి, డ్రిప్పు పెట్టించి, దుంప పొడుగు ఇంత ఉండాలి, నీరు ఇంతకు మించకూడదు అని నేర్పి, 2007లో మెహసానా దగ్గర ఫ్యాక్టరీ పెట్టింది. ధర ముందే రాసుకుంటారు. ఇక్కడే బెంగళూరు రైతుల అనుమానం నాకు గుర్తొస్తుంది. ఏం పండించాలో నిజంగానే కంపెనీ చెప్తోంది. కానీ మా యార్డులో కాటా దగ్గర రైతు ముఖం చూసినవాణ్ణి నేను. ఫిబ్రవరిలో ఒక ధర, మార్చిలో ఒక ధర, తాలు కాయ ఎక్కువుందని కోత, చివరికి ఏసీలో పెట్టి దాని మీద అప్పు తెచ్చుకోవడం. ముందే ధర రాసిచ్చేవాడు వస్తే మా మిర్చి రైతు తిట్టేవాడా, పరిగెత్తేవాడా? నేనైతే పరిగెత్తేవాణ్ణే. అయితే కంపెనీ సరుకు వద్దన్న ఏడాది ఆ రకం దుంపని ఏ సంతలో అమ్మాలి అన్నది కూడా అడిగి పరిగెత్తేవాణ్ణి.

ఇదంతా వాళ్లకి ఎప్పుడూ సాఫీగా నడిచిందని కాదు. భాగస్వాముల తగాదా పడి 2017లో ఢిల్లీలో 55 మెక్‌డొనాల్డ్స్ షాపుల్లో 43 ఒకేసారి మూతపడ్డాయి. మా దగ్గర అన్నదమ్ములు విడిపోతే ఏసీ ఛాంబర్ల మధ్య గోడ కడతారు, అంతే తేడా. 2023 జులైలో టమాటా ధర మండినప్పుడు ఉత్తరాదిన కొన్ని షాపుల్లో "మంచి టమాటాలు దొరకడం లేదు, ప్రస్తుతానికి వెయ్యలేం" అని కాగితం అంటించారు. అదే నెలలో మా ఆవిడ పప్పులో టమాటా మానేసి చింతకాయ వేసింది, కాగితం మాత్రం అంటించలేదు.

పిజ్జా వాళ్లు ఇప్పుడు గుంటూరులో మా ఇంటికి ఐదు నిమిషాల దూరంలోనే ఉన్నారు. పిల్లలు తెప్పించుకున్నప్పుడల్లా నేను పిజ్జా కంటే ముందు ఆ చిన్న ఎండుమిర్చి ప్యాకెట్ తీసుకుంటాను. చింపి అరచేతిలో పోసుకుంటాను. గింజ ఎక్కువ, తొక్క తక్కువ. వేలితో నలిపితే అంటుకునే రంగు అంతంత మాత్రం. మా మిర్చి రకాల్లో ఘాటుకి తేజ, రంగుకి బ్యాడిగ, రెండిటికీ మధ్యలో 334. ఈ ప్యాకెట్లోది ఏదో నాలిక మీద వేసుకుని చెప్పగలననుకుంటాను కానీ, పదిసార్లకి నాలుగుసార్లే ధైర్యంగా చెప్తాను. మా చిన్నది మటుకు నవ్వుతుంది. "నాన్నా, అది నీ టిక్కీలోంచే వచ్చుంటుంది, నీకే మళ్లీ అమ్ముతున్నారు." అయ్యుండొచ్చు.

మొన్న వేసవిలో ఒక రాత్రి, పదకొండు దాటాక, మా ఏసీ గేటు ముందు ఒక తెల్ల డబ్బా లారీ ఆగింది. హైవే మీద పోతుంటే దాని చల్ల మిషను ఆగిపోయిందట. డ్రైవర్ సూళ్లూరుపేట వైపు కుర్రాడు. "సార్, కోల్డ్ స్టోరేజీ బోర్డు చూసి వచ్చాను. పొద్దున దాకా సరుకు లోపల పెట్టుకోనిస్తారా?" అన్నాడు. సీజన్ లెక్కలు ముగించడానికి నేను ఆ రాత్రి అక్కడే ఉన్నాను.

"నీకెంత చలి కావాలి?"

"మైనస్ 18 సార్."

మా ఛాంబర్లో ప్లస్ ఆరు. 24 డిగ్రీల దూరం. పాతికేళ్ల నుంచి చలి గురించి నాకు తెలుసు అనుకుంటున్నవాణ్ణి, ఆ రాత్రి మా ఊరి చలి అంతా కలిపినా ఆ కుర్రాడి డబ్బాలకి ఎండాకాలమే. వాడి క్యాబిన్లో చిన్న తెర మీద అంకె ఎర్రగా మెరుస్తోంది. మైనస్ 11. చూస్తుండగా మైనస్ 10. ఆ అంకె ఇంకెక్కడో ఆఫీసులో కూడా కనబడుతుందట, అప్పటికే రెండు ఫోన్లు వచ్చాయి. మెకానిక్ విజయవాడ నుంచి బయల్దేరాడు. అప్పటిదాకా తలుపు తియ్యకు, అదొక్కటే నువ్వు చెయ్యగలిగింది అని చెప్పి, వాడికి కుర్చీ వేసి మంచినీళ్లిచ్చాను. వాడు సంచిలోంచి పులిహోర డబ్బా తీసి తినడం మొదలుపెట్టాడు.

మా వాచ్‌మన్ అరవై దాటిన మనిషి, హమాలీగా మొదలుపెట్టి వీపు నెప్పి వచ్చాక గేటు దగ్గర కూర్చున్నాడు. లారీ చుట్టూ టార్చి వేసి ఒక చుట్టు తిరిగొచ్చాడు.

"ఏముందయ్యా లోపల?"

"ఆలూ టిక్కీలు తాతా."

వాచ్‌మన్ నా వైపు తిరిగి, "ఎన్ని టిక్కీలో చెప్పమనండి బాబూ, బాండు పుస్తకం తీసుకొస్తాను" అన్నాడు.